మారేడు కాయ వేరు, మారేడు పండు వేరు

మారేడు మీద నెట్‌లో దొరికే సలహాలు సగం ఒకదాన్నొకటి కొట్టేస్తుంటాయి. విరేచనాలు కట్టుకుంటాయని ఒకచోట, మలబద్ధకం పోతుందని ఇంకోచోట. రెండూ నిజమే. మొదటిది పచ్చికాయ పని, రెండోది మగ్గిన పండు పని. ఆ తేడా చెప్పకుండా "కడుపుకి మంచిది" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తే, నీళ్ల విరేచనాలతో పడుకున్న మనిషికి ఇంట్లోవాళ్లు తీయటి పండు గుజ్జు కలిపి తాగిస్తారు. తగ్గాల్సింది ఎక్కువవుతుంది, తప్పు మారేడు మీద పడుతుంది.

ఆయుర్వేదం ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. పండ్లన్నీ పక్వానికి వచ్చాకే గుణం ఇస్తాయి, ఒక్క బిల్వం, అంటే మారేడు మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే ఎక్కువ గుణం ఇస్తుందని భావప్రకాశం అనే పాత వైద్య గ్రంథం లెక్క. 1867 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో, అంటే అధికారిక మందుల పుస్తకంలో, మారేడు చేరినప్పుడు కూడా అడిగింది మగ్గిన పండును కాదు, సగం పక్వమై ఎండబెట్టిన కాయనే. కాబట్టి మారేడుతో ఏ మందు చేయాలన్నా మొదటి ప్రశ్న "ఎంత మోతాదు" కాదు, "ఏ దశలో కోశారు".

మారేడు, అంటే ఈగిల్ మార్మెలోస్, నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన చెట్టు. కరివేపాకూ, వెలగా కూడా ఆ కుటుంబమే. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె గ్రంథులు. నలిపితే వచ్చే వాసన వాటిదే. మన దగ్గర వేసవిలో ఆకు రాల్చి, కొత్త చిగురుతో పాటు పూతకు వస్తుంది. పూత నుంచి పండు దాకా పది, పదకొండు నెలలు పడుతుంది. అందుకే కొత్త పూత వస్తున్నప్పుడు కూడా కొమ్మల మీద కిందటేడు కాయలు వేలాడుతుంటాయి. ఈ లెక్కన మందుకి కావలసిన పచ్చికాయ దసరా, దీపావళి రోజుల నుంచి సంక్రాంతి ముందు వరకు దొరుకుతుంది. శివరాత్రి దాటాక కాయ రంగు తిరగడం మొదలవుతుంది, అప్పటి నుంచి అది పండు కిందే లెక్క.

ఒక జాగ్రత్త. వెలగకాయను మారేడు అనుకుని కోసుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ముఖ్యంగా పట్నాల్లో. మారేడుకు ఆకు మూడు రెబ్బలు, పెంకు నున్నగా ఆకుపచ్చ నుంచి పసుపు రంగులో ఉంటుంది, లోపలి గుజ్జు నారింజ రంగు, వాసన తీయన. వెలగకు ఒకే ఈనెకు ఐదు నుంచి ఏడు చిన్న రెబ్బలు, పెంకు గరుకుగా బూడిద రంగు, గుజ్జు గోధుమ రంగు, రుచి పులుపు. కోసి చూస్తే అసలు అనుమానమే ఉండదు. మారేడులో మధ్య నుంచి చుట్టూ పది, పదిహేను గదులు విడివిడిగా కనిపిస్తాయి, ఒక్కో గదిలో జిగురులో మునిగి నూగు ఉన్న గింజలుంటాయి. వెలగలో గదులుండవు, గింజలు గుజ్జంతా చెల్లాచెదురుగా ఉంటాయి. వెలగ పచ్చడికి గొప్పది, ఆ పేచీ లేదు. మందు మాత్రం వేరు.

ఇక పచ్చికాయలో ఏముంది? ముఖ్యమైనవి టానిన్లు, పెక్టిన్. అడవి చెట్ల కాయ గుజ్జులో టానిన్లు తొమ్మిది శాతం దాకా ఉంటాయి, పెంకులో ఇరవై శాతం వరకు. తోటల్లో పెంచే రకాల్లో తక్కువ. నాలుక మీద పెట్టగానే నోరు పీక్కుపోయినట్టు చేసే వగరు ఈ టానిన్లదే. అవి ప్రోటీన్లను పట్టుకుని గడ్డ కట్టిస్తాయి. లాలాజలంలోని ప్రోటీన్‌ను పట్టుకుంటే నోటికి వగరు. పేగు లోపలి పొర మీది ప్రోటీన్‌ను పట్టుకుంటే అక్కడ ఒక పలచటి కవచం ఏర్పడి, నీరు బయటికి ఊరడం తగ్గుతుంది. పెక్టిన్ నీటిని పీల్చుకుని మలానికి గట్టిదనం ఇస్తుంది. కాయ పక్వమయ్యేకొద్దీ వగరు తగ్గుతుంది, చక్కెరలు పెరుగుతాయి, గుజ్జు మెత్తబడి జిగురు, పీచు మిగులుతాయి. ఆ చక్కెర, పీచు, జిగురు కలిసి మలాన్ని మెత్తబరుస్తాయి. ఒకే కాయ ఆరు నెలల తేడాలో ఎదురు పని చేయడానికి కారణం ఇదే, మాయ ఏమీ లేదు.

దీనికి ల్యాబ్ ఆధారం కూడా ఉంది. ముంబయిలో చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పచ్చి మారేడు గుజ్జు కషాయాన్ని విరేచనాలు కలిగించే క్రిముల మీద పరీక్షించారు. జియార్డియా అనే పరాన్నజీవి మీద, రోటా వైరస్ మీద అది నేరుగా దెబ్బ కొట్టింది. కానీ పరీక్షించిన ఆరు రకాల బ్యాక్టీరియాల్లో ఒక్కదాన్నీ చంపలేదు. అవి ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాలకు అంటుకోకుండా, లోపలికి చొరబడకుండా అడ్డుకుంది. కలరా విషం తయారీని తగ్గించింది, ఆ విషం కణం మీది గ్రాహకానికి అతుక్కోవడాన్నీ తగ్గించింది. 'ఇ.కోలై' అనే బ్యాక్టీరియా వదిలే రెండు విషాల్లో ఒకదాని మీద పనిచేసింది, రెండోదాని మీద చేయలేదు. దీన్నిబట్టి మారేడును యాంటీబయాటిక్ అనడం తప్పు. విషాన్ని, అంటుకోవడాన్ని అడ్డుకునేదంటే సరిపోతుంది. టైఫాయిడ్‌కు, రక్త విరేచనాలతో జ్వరానికి మారేడు కషాయం మీద ఆధారపడకూడదనడానికి ఈ ఫలితమే చాలు.

కాయ ఎండబెట్టడంలో చాలామంది పాడుచేసుకునేది రెండు చోట్ల. మొదటిది కత్తి. మామూలు ఇనుప కత్తితో కోస్తే ముక్క అంచులు నల్లబడతాయి. టానిన్, ఇనుము కలిస్తే నల్లటి సిరా తయారవుతుంది, పాతకాలం రాత సిరాలకు ఇదే సూత్రం. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి వాడితే ఈ గొడవ ఉండదు. వండేటప్పుడు కూడా ఇనుప మూకుడు పనికిరాదు, స్టీలు గిన్నె గాని మట్టి కుండ గాని వాడాలి. రెండోది మందం. పొడి చేసుకుంటే ఎలాగూ ఒకటే కదా అని లావుగా కోసేస్తారు. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తేమ మిగిలి నాలుగో రోజుకల్లా బూజు పడుతుంది. అర సెంటీమీటరుకు మించకుండా కోయాలి.

కోసే కాయ పూర్తి సైజుకు రావాలి, రంగు మాత్రం ముదురు ఆకుపచ్చగానే ఉండాలి. గోరుతో గీస్తే పెంకు మీద గీత పడితే మరీ లేత. అందులో గుజ్జు చాలదు, నీరెక్కువ. అసలు గీత పడక, ముచిక దగ్గర పసుపు తిరుగుతుంటే ముదిరిపోయింది. ఈ రెండింటి మధ్య సమయం చూసి కోయాలి. అడ్డంగా చక్రాల్లా కోస్తే గదులు విడివిడిగా కనిపిస్తాయి, ఎండడం కూడా సమానంగా ఉంటుంది. పెంకు ఉంచినా ఫరవాలేదు గాని పొడి కొట్టేటప్పుడు మిక్సీ బ్లేడ్ల మీద జాలి ఉంటే ముందే చెక్కేయండి. గింజల చుట్టూ ఉన్న జిగురు ఈ దశలో తక్కువే, గింజలను కత్తి మొనతో ఎత్తేస్తే పొడి మెత్తగా వస్తుంది.

పలచటి బట్ట కప్పి మొదటి రెండు రోజులు ఎండలో, తర్వాత గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. మబ్బు పట్టిన రోజుల్లో మొదలుపెట్టకపోవడమే మంచిది. కాయలు దొరికే రోజుల్లోనే మన కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. అక్కడివాళ్లు డిసెంబరు దాకా ఆగడం మేలు. ముక్క విరిస్తే పుల్లలా టక్కుమనాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టే. కిలో పచ్చి గుజ్జు ముక్కలు మూడో వంతుకు అటూ ఇటూగా మిగులుతాయి. గాజు సీసాలో మూత బిగించి పెట్టండి. ముక్కలుగా ఉంచి, అవసరమైనప్పుడే పొడి కొట్టుకుంటే ఏడాది వరకు నమ్మకంగా వాడొచ్చు. పొడి చేసి పెడితే తేమ లాగేసుకుని గడ్డ కడుతుంది. బూజు వాసన వచ్చినా, ముక్క మీద బూడిద రంగు మచ్చ కనిపించినా గీకేసి వాడకండి, మొత్తం పారేయండి. శిలీంధ్ర విషాలు గీకితే పోవు, మరిగించినా పోవు.

కషాయం కొలత పాతదే. పది గ్రాముల ముతక పొడికి 160 మిల్లీలీటర్ల నీళ్లు, సన్నటి సెగ మీద నాలుగో వంతు అంటే 40 మిల్లీలీటర్లు మిగిలేదాకా. ఒకటికి పదహారు, మిగలాల్సింది నాలుగు అన్నది గట్టి ద్రవ్యాలకు ఆయుర్వేదం చెప్పిన లెక్క. ముంబయి పరిశోధకులు వాడింది కూడా ఇదే నిష్పత్తి. మూత పెట్టకుండా మరిగించాలి, పెద్ద మంట పెడితే పెక్టిన్ అడుగంటుతుంది. వడకట్టి గోరువెచ్చగా, రోజుకు రెండుసార్లు, భోజనానికి ముందు. పొడిగా తీసుకునేవాళ్లకు ఆయుర్వేద ఫార్మకోపియా ఇచ్చిన మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు. మజ్జిగలో కలిపి తాగడం తేలిక, నోటికి వగరు కాస్త తగ్గుతుంది.

ఇదంతా పెద్దవాళ్లకు, ఒకటి రెండు రోజుల మామూలు నీళ్ల విరేచనాలకు. ఏ మందు వేసినా వేయకపోయినా ముందు ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద ఎంత నీళ్లు అని రాసి ఉంటే అంత, సాధారణంగా ఒక లీటరు. గ్లాసు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కలిపేయడం పెద్ద తప్పు, ఉప్పు గాఢత పెరిగి పిల్లలకు ప్రమాదం. మారేడు నీటి లోటు తీర్చదు. మలంలో రక్తం, గట్టి జ్వరం, ఆగని వాంతులు, కళ్లు లోతుకు పోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా కషాయం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇంటి ప్రయోగాలు వద్దు, ఓఆర్ఎస్‌తో పాటు డాక్టరు చెప్పిన జింకు చాలు.

విరేచనాలు కట్టాక కూడా "పేగులకు బలం" అని నెలల తరబడి పచ్చికాయ పొడి కొనసాగించేవాళ్లున్నారు. అప్పుడు వచ్చేది బలం కాదు, గట్టి మలబద్ధకం. టానిన్లు తిండిలోని ఇనుమును కూడా పట్టేసుకుంటాయి. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడేవాళ్లు ఈ పొడికి, మాత్రకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచాలి. చాలాకాలంగా కడుపు సరిగా లేనివాళ్లయితే ముందు అసలు జబ్బేమిటో తేల్చుకోవాలి.

బజారు సరుకు విషయానికొస్తే, పచారీ కొట్లలో దొరికే ముక్కల్లో వెలగ ముక్కలు, కొన్నిచోట్ల మాంగోస్టీన్ తొక్క కలిసి వస్తుంటాయి. ఈ కల్తీ బ్రిటిష్ కాలం నుంచీ ఉన్నదే. తుప్పు పట్టిన మేకు కషాయంలో వేసి నల్లబడితే అసలు సరుకని కొందరు చెబుతారు. అది టానిన్ ఉందని చెబుతుంది అంతే, మాంగోస్టీన్ తొక్కలోనూ టానిన్ దండిగా ఉంటుంది. నమ్మదగ్గ పరీక్ష కంటితో చూడటమే. చక్రంలా ఉన్న ముక్కలో గదులు, అంచున సన్నటి పెంకు, నూగు గింజలు కనిపిస్తే మారేడు. వంకర తిరిగిన ఎర్రటి మందపాటి తొక్కలు, గుజ్జు లేకుండా ఉంటే మాంగోస్టీన్. అందుకే పొడి కన్నా ముక్కలు కొనడం ఎప్పుడూ మంచిది.

థాయిలాండ్‌లో ఇవే ముక్కలను దోరగా వేయించి, నీళ్లలో మరిగించి 'మాతూమ్' అనే టీగా తాగుతారు. వేయిస్తే చక్కెర కొద్దిగా మాడి కమ్మటి వాసన వస్తుంది. శ్రీలంకలో పూలను ఎండబెట్టి 'బెలి మల్' టీ చేస్తారు. రెండూ రోజువారీ పానీయాలు, మందుగా చేసే కషాయం గాఢత వాటికి ఉండదు.

పండు దగ్గరికి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల గుజ్జులో నీరు 61.5 గ్రాములు, పిండిపదార్థాలు 31.8 గ్రాములు, శక్తి 137 కిలో కేలరీలు. పండ్లలో ఇది బాగా బరువైన లెక్క. సీ విటమిన్ 8 మిల్లీగ్రాములే, కాబట్టి నిమ్మ కుటుంబం కదా అని విటమిన్ కోసం మారేడు తినడం దండగ. షుగరు ఉన్నవాళ్లు "మారేడు షుగరుకు మంచిది" అని విని పండు పానకం తాగడం ఇంకా దండగ. ఆ మాట అంటే గింటే ఆకు గురించి, పండు గురించి కాదు.

పండులో ప్రత్యేకంగా చెప్పుకోవలసింది మార్మెలోసిన్. పాత పుస్తకాలు దీన్ని మారేడుకే సొంతమైన పదార్థంగా రాశాయి. తర్వాత తేలిందేమిటంటే అది ఇంపరటోరిన్ అనే ఫ్యూరానోకౌమరిన్, వేరే మొక్కల్లోనూ ఉంటుంది. సోరలెన్ కూడా పండులో ఉంది. ఈ జాతి పదార్థాలకు రెండు స్వభావాలున్నాయి. చర్మం మీద పడి ఎండ తగిలితే కందించి నల్ల మచ్చలు తెప్పిస్తాయి. బొల్లి వైద్యంలో సోరలెన్‌ను అతినీలలోహిత కాంతితో కలిపి వాడేది ఈ గుణం వల్లే. కాబట్టి పండు గుజ్జును ముఖానికి పూతగా వేసుకుని ఎండలోకి వెళ్లమనే సలహాలను నమ్మకండి. రెండోది, ఒంట్లో మందులను విరగ్గొట్టే ఎంజైములకు ఇవి అడ్డుపడగలవు. గ్రేప్‌ఫ్రూట్‌తో మాత్రలు వేసుకోవద్దని డాక్టర్లు చెప్పడానికి కారణం ఈ జాతి పదార్థాలే. అప్పుడప్పుడు ఒక గ్లాసు పానకానికి భయపడక్కర్లేదు. రక్తం పలచబరిచే మందులు, మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు తీసుకునేవాళ్లు మాత్రం మారేడును రోజువారీ అలవాటుగా చేసుకునే ముందు డాక్టరుకు చెప్పాలి.

పానకం చేసేటప్పుడు మిక్సీ వాడటమే పెద్ద పొరపాటు. గింజలు నలిగి చేదు దిగుతుంది, వాటి చుట్టూ ఉన్న జిగురు నురగ కట్టి మొత్తం గంజిలా తయారవుతుంది. పండును గట్టి నేల మీద కొట్టి పగలగొట్టండి, గరిటెతో గుజ్జు తీయండి, పెంకుకు అంటుకున్న పొరను గీకకండి, అది వగరు. గుజ్జుకు సమానంగా నీళ్లు పోసి అరగంట నాననిచ్చి, చేత్తోనే పిసికి, పెద్ద కన్నాల జల్లెడలో వడకట్టండి. గింజలు, పీచు పైన మిగలాలి. దానికి ఇంకో రెండింతలు నీళ్లు, రుచికి బెల్లం, చిటికెడు మిరియాల పొడి, ఏలకులు. పండు బాగా మగ్గితే బెల్లం అక్కర్లేకపోవచ్చు. చేసిన రోజే తాగేయాలి, మర్నాటికి పులుస్తుంది. గుజ్జు నిల్వ పెట్టాలనుకుంటే ఫ్యాక్టరీల పద్ధతి ఉంది. సమానంగా నీళ్లు కలిపి, సిట్రిక్ ఆమ్లంతో పీహెచ్ (పులుపు కొలత) 4.3కు తెచ్చి, 80 డిగ్రీల దగ్గర ఒక నిమిషం వేడిచేసి వడకడతారు. వేడికి జిగురు పట్టు వదులుతుంది, గుజ్జు ఎక్కువ దిగుతుంది.

మలబద్ధకానికైతే పానకం కన్నా రాత్రి పడుకోబోయే ముందు 50 గ్రాముల గుజ్జు, తర్వాత ఒక గ్లాసు నీళ్లు. నీళ్లు తాగకపోతే పీచు, జిగురు లోపలే గట్టిపడి ఉన్న ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. పూర్తిగా మగ్గని పండైతే అసలు వద్దు, వగరు తగిలిందంటే టానిన్ ఇంకా ఉన్నట్టే.

కొనేటప్పుడు ముచిక దగ్గర వాసన చూడండి. తీయటి వాసన రావాలి, సారా వాసన వస్తే లోపల పులిసింది. కింద పడిన పండ్ల పెంకు మీద వెంట్రుకంత పగులుంటే చాలు, బూజు లోపలికి చేరుతుంది, పైకి ఏమీ తెలియదు. చెట్టు నుంచి కోసేవాళ్లు ముచికతో కోసి, నేల మీద పడకుండా దించాలి. ఆకుపచ్చలో పసుపు తిరిగినప్పుడు కోస్తే గదిలో పది, పన్నెండు రోజుల్లో మగ్గుతుంది. మామూలు ఫ్రిజ్‌లో పండును అలాగే పెట్టకండి. 9 డిగ్రీల దగ్గర మూడు నెలలు నిలుస్తుంది గాని, అంతకన్నా చల్లగా ఉంటే పెంకు మీద గోధుమ మచ్చలు వచ్చి లోపల చెడుతుంది.

ఆకు సంగతికొస్తే నాకు కొంచెం చిరాకే. వినాయక చవితి ఇరవై ఒక్క పత్రిలో ఒకటి, శివుడికి అన్నిటికన్నా ప్రీతి, అక్కడిదాకా బాగానే ఉంది. రోజూ పరగడుపున మూడు దళాలు నమిలితే షుగరు పోతుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం ఎక్కువగా ఎలుకల మీద చేసిన ప్రయోగాలే. వాటిలో రక్తంలో చక్కెర తగ్గిన మాట నిజం. ఆకులో రూటిన్, లూపియాల్, యూజినాల్, స్కిమ్మియానిన్, ఈగెలిన్ వంటివి చాలానే ఉన్నాయి, సువాసన నూనె కూడా ఉంది. కానీ ఎలుకకు ఇచ్చిన గాఢ సారం, మనిషి నమిలే మూడు ఆకులు ఒకటి కావు. షుగరు మాత్రలు మానేసి ఆకు నమిలితే చక్కెర పెరుగుతుంది, మాత్రలతో పాటు ఆకు రసం గ్లాసు నిండా తాగితే పడిపోయే ప్రమాదం ఉంది. మగ ఎలుకల్లో ఆకు సారం వీర్యకణాల సంఖ్యను, కదలికను తగ్గించింది, ఆపేశాక మళ్లీ మామూలు స్థితికి వచ్చింది. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు ఆకు రసం జోలికి పోకపోవడమే మంచిది. పూజ అయ్యాక ఒక దళం నోట్లో వేసుకోవడానికి ఇవేవీ అడ్డు కావు.

ఈగెలిన్ పేరు 2013లో అమెరికాలో పెద్ద వార్త అయింది. 'ఆక్సీఎలీట్ ప్రో' అనే బరువు తగ్గించే మాత్రల్లో అంతకు ముందున్న ఒక ఉత్తేజకం మీద అభ్యంతరాలు రావడంతో, దాని బదులు ల్యాబ్‌లో తయారుచేసిన ఈగెలిన్ కలిపారు. హవాయిలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వరసగా తీవ్రమైన కాలేయ వాపు రావడం, వాళ్లలో ఎక్కువమంది అవే మాత్రలు వాడి ఉండటం వైద్యులు గమనించారు. ఒకరు చనిపోయారు, కొందరికి కాలేయం మార్చాల్సి వచ్చింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఒత్తిడితో ఆ సరుకు బజారు నుంచి వెనక్కి వెళ్లింది. మారేడు ఆకు కాలేయాన్ని చెడగొడుతుందని దీని అర్థం కాదు. ఒక మొక్కలో ఉన్న పదార్థాన్ని విడిగా తయారుచేసి, పెద్ద మోతాదులో, వేరే పదార్థాలతో కలిపి మింగినప్పుడు "వేల ఏళ్లుగా వాడుతున్నాం" అన్న వాదన దానికి వర్తించదు. బిల్వ సారం క్యాప్సూళ్లు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సీసా మీద 'పత్ర చూర్ణం' అని ఉందా, 'సారం' అని ఉందా, ఎన్ని రెట్ల గాఢత అని ఉందా చూడండి. గాఢత రాయని సారం కొనకండి.

మారేడు వేరు దశమూలాల్లో, అంటే ఆయుర్వేదం కలిపి వాడే పది వేళ్లలో ఒకటి. దశమూలారిష్టం దగ్గర నుంచి నొప్పులు, వాపుల కషాయాల దాకా దానికి గిరాకీ ఉంది. వేరులోనూ స్కిమ్మియానిన్, మార్మిన్, కొన్ని కౌమరిన్లు ఉంటాయి. వేరు తవ్వితే చెట్టు పోతుంది, అడవిలో పెద్ద చెట్లు తగ్గడానికి ఇదొక కారణం. అందుకే కాండం బెరడును, కొమ్మలను బదులుగా వాడొచ్చన్న ప్రతిపాదన ఆయుర్వేద పరిశోధకుల్లో బలంగా ఉంది. ఇంటి వాడకానికి వేరు తవ్వే అవసరం ఎవరికీ లేదు. తవ్వేటప్పుడు తెగిన పక్క వేళ్ల నుంచి పిలకలు లేస్తాయి, వాటిని వేరుచేసి నాటుకోవచ్చు.

పెరట్లో నాటాలనుకునేవాళ్లకు కొన్ని ముక్కలు. గింజ నాటితే ఏడెనిమిదేళ్లు ఆగాలి, కాయ ఎలా ఉంటుందో చెప్పలేం. గింజ ఎండితే మొలక శక్తి త్వరగా పోతుంది, జిగురును బూడిదతో రుద్ది కడిగి కొద్ది రోజుల్లోనే విత్తాలి. అంటు మొక్కయితే నాలుగైదేళ్లలో కాపు వస్తుంది. జూన్, జూలైల్లో కట్టిన ప్యాచ్ మొగ్గ అంట్లు (బెరడు ముక్కతో సహా మొగ్గను తెచ్చి అతికించేవి) బాగా అతుకుతాయి. తినడానికైతే పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పంత్ అపర్ణ రకం మంచిది, ముళ్లు దాదాపు లేవు, గింజ, జిగురు తక్కువ. గుజరాత్ నుంచి వచ్చిన గోమ యశి పొట్టి చెట్టు, పెంకు పలచన. మందు కాయకు మాత్రం ఈ తీపి రకాల కన్నా నాటు చెట్టే నయం, టానిన్ ఎక్కువ కాబట్టి. చౌడు నేలను తట్టుకుంటుంది, 48 డిగ్రీల ఎండను తట్టుకుంటుంది, మొదలు చుట్టూ నీళ్లు నిలవడాన్ని మాత్రం తట్టుకోదు. లేత మొక్క ఆకులను నిమ్మ సీతాకోకచిలుక పురుగు రెండు రోజుల్లో గీకేస్తుంది. పక్షి రెట్టలా కనిపించే పురుగు అదే, చేత్తో ఏరేస్తే చాలు, మందు కొడితే పత్రి తినడానికి పనికిరాదు. వేసవిలో బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా నీళ్లు పెడితే కాయలు పగులుతాయి, తక్కువైనా సరే క్రమంగా పెట్టాలి.

చెట్టుకు చెట్టుకు ఎనిమిది మీటర్లు, ఇంటి గోడకు కనీసం ఐదు. పాక్కుంటూ పోయే కొమ్మలకు కిలో, రెండు కిలోల గట్టి పండ్లు వేలాడతాయి. అవి రాలే మార్చి నుంచి మే దాకా ఆ కింద బండి నిలపకండి, పిల్లల ఉయ్యాల కట్టకండి.